ఇంటి ఇంక్యుబేటర్‌లో బాతుగుడ్లు: 25వ రోజు దాకా బతికి, పెంకులోనే ఎందుకు పోతున్నాయి?

కోడిగుడ్లు పెడితే చక్కగా పిల్లలు లేచే మెషీన్‌లోనే బాతుగుడ్లు పెట్టేసరికి లెక్క తప్పుతుంది. బాధ కలిగించేది ఏమిటంటే, పోయినవాటిలో చాలావరకు మొదట్లో మురిగినవి కావు. 25వ రోజున దీపం పట్టి చూస్తే లోపల కదులుతూ కనిపించినవే. 28వ రోజుకి పెంకు పగలగొడితే నూగుతో సహా పూర్తిగా తయారైన పిల్ల చచ్చిపోయి ఉంటుంది. అంత దూరం వచ్చిన పిల్ల ఆఖరి అడుగులో పోయిందంటే తప్పు సాధారణంగా ఆ రోజు జరిగింది కాదు, మొదటి వారం నుంచీ కొద్దికొద్దిగా పేరుకున్నది.

కోడిగుడ్డుకి 21 రోజులు, బాతుగుడ్డుకి 28. కోడిగుడ్డు ఓర్చుకునే చిన్న పొరపాటు ఇక్కడ ఇంకో వారం పాటు సాగుతుంది. బాతుగుడ్డు పెద్దది, చాలావరకు 65 నుంచి 75 గ్రాములు ఉంటుంది, పెంకూ పొరా గట్టివి. ఆఖరి పది రోజుల్లో లోపలి పిల్ల తనంతట తానే బాగా వేడి పుట్టిస్తుంది. పైగా కోనసీమలోనూ భీమవరం, ఆకివీడు వైపూ గాలి ఒక నెలలో ఉన్నట్టు ఇంకో నెలలో ఉండదు. మెషీన్‌తో వచ్చిన కాగితంలో రాసిన అంకెలు ఏడాది పొడవునా ఇక్కడ పనిచేయవు.

ఖాకీ క్యాంప్‌బెల్, ఇండియన్ రన్నర్, మన నాటు బాతులు అన్నీ 28 రోజుల లెక్కే. మస్కోవీ గుడ్డుకి మాత్రం 33 నుంచి 35 రోజులు పడుతుంది. ఈ రెండు రకాలనీ ఒకే విడతలో కలపకండి. లెక్క సులువు: ఆదివారం సాయంత్రం పెడితే సోమవారం సాయంత్రానికి ఒక రోజు. నాలుగు వారాల తర్వాత అదే ఆదివారానికి పిల్లలు దిగాలి.

మెషీన్‌లోకి వెళ్లకముందే పోయే గుడ్లు

అయిదారు పెట్టలకు ఒక మగ బాతు ఉండాలి. సంతలో కొన్న గుడ్లయితే వాటి మందలో మగవి ఉన్నాయో లేవో ఎవరూ చెప్పరు. అందుకే ఒకే చోట కొన్నవాటిలో నాలుగైదింటిని వంటకి పగలగొట్టి పచ్చసొన మీద తెల్లచుక్క చూడండి. చిన్నగా, గట్టిగా, అంచులు చెదిరినట్టు ఉంటే జీవం లేని గుడ్డు. నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పున గుండ్రంగా, చుట్టూ గాజులా వలయం కనిపిస్తే జీవం ఉన్న గుడ్డు. నాలుగింటిలో రెండు ఖాళీ అయితే ఆ గుడ్ల మీద 28 రోజుల కరెంటు ఖర్చు పెట్టకండి.

బాతులు తెల్లవారుజామునే గుడ్డు పెట్టేస్తాయి. పొద్దున్నే వదిలేస్తే కాలవగట్టున, చెరువులో, బురదలో పెట్టేస్తాయి. ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా దొడ్లోనే ఉంచి, కింద పొడి ఎండుగడ్డి గానీ ఊక గానీ దళసరిగా పరవండి. తడిసిన గడ్డిని రోజూ మార్చాలి. బురద అంటిన గుడ్డు మెషీన్‌లోకి పోకూడదన్నది ఖచ్చితమైన నియమంగా పెట్టుకోండి. ఆ 37 డిగ్రీల వెచ్చదనం పిల్లకి ఎంత హాయో పెంకు మీది క్రిములకీ అంతే హాయి. కొంచెం మట్టి అంటితే ఆరాక నెమ్మదిగా గీకేయండి. కాలవ నీళ్లతో, చన్నీళ్లతో కడగొద్దు. చల్లటి నీటిలో గుడ్డు లోపల ముడుచుకుని, మురికినీటిని పెంకు రంధ్రాల్లోంచి లోపలికి లాక్కుంటుంది. తప్పనిసరిగా కడగాల్సి వస్తే గుడ్డు కంటే వేడిగా, 40 డిగ్రీలు దాటిన శుభ్రమైన నీళ్లతో వెంటనే కడిగి ఆరబెట్టండి.

ఇక డెల్టాలో ఎక్కువమంది గమనించని నష్టం నిల్వలో జరుగుతుంది. పొదగేయడానికి దాచే గుడ్లు 13 నుంచి 16 డిగ్రీల్లో ఉంటే వారం దాకా బాగుంటాయి. మన ఇళ్లలో మేలో గది వేడి 34, 35. ఇరవై దాటిన దగ్గర నుంచే లోపలి పిండం మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది. అలా సగం సగం పెరిగి, రాత్రి ఆగి, మళ్లీ పగలు పెరిగి, మెషీన్‌లో పెట్టేలోపే నీరసించిపోతుంది. వారం తర్వాత దీపం పడితే నెత్తుటి వలయం కనిపించే గుడ్లలో చాలావాటి కథ ఇదే. కాబట్టి వేసవిలో మూడు రోజుల గుడ్లకి మించి పోగు చేయకండి. రోజుకి ఎనిమిది గుడ్లు వచ్చే మంద అయితే మూడు రోజులకి 24, ఇంటి మెషీన్‌కి అది చాలు. తడి ఇసుకలో పాతిన మట్టికుండలో, గుడ్లకి తడి తగలకుండా, పైన గుడ్డ కప్పి ఉంచితే ఎండ కాలంలో కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. వానల్లో గాలి తేమగా ఉంటుంది కాబట్టి కుండ అంతగా చల్లబడదు. ఫ్రిజ్ మరీ చల్లన, తలుపులో పెట్టినవి అదురుతాయి కూడా. ఫ్రిజ్‌లోంచి తీయగానే పెంకు మీద చెమట పడుతుంది, ఆ తడిలోంచి క్రిములు లోపలికి పోతాయి.

ఆటోలోనో బండి మీదో దూరం నుంచి తెచ్చిన గుడ్లని ఊకలో పేర్చి తీసుకురండి. ఇంటికి వచ్చాక మొద్దు చివర పైకి ఉండేలా 12 గంటలైనా కదపకుండా ఉంచి, అప్పుడు పెట్టండి.

తవుడు బూజు పట్టినా, తడిసిన వేరుశనగ చెక్క పెట్టినా ఆ విషం బాతులకి అన్ని పక్షులకంటే ఎక్కువ హాని చేస్తుంది. గుడ్డు బాగానే కనిపిస్తుంది, పిల్ల మాత్రం బలహీనపడుతుంది. పొదగేసే గుడ్లు ఇచ్చే మందకి వాసన మారిన మేత వేయొద్దు.

వేడి

ఫ్యాన్ ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీలు. ఫ్యాన్ లేని పెట్టెలో పైన వేడి, కింద చల్లన ఉంటుంది కాబట్టి గుడ్డు పైభాగం ఎత్తులో కొలిచి 38.3 దగ్గర ఉంచాలి. బాతుగుడ్లకి ఫ్యాన్ ఉన్నదే తీసుకోండి. పాత కంప్యూటర్‌లోని 12 వోల్టుల చిన్న ఫ్యాన్ థర్మోకోల్ పెట్టెకి సరిపోతుంది.

ఇళ్లలో చేసుకునే పెట్టెల్లో ఎక్కువగా కనిపించే డబ్ల్యూ 1209 కంట్రోలర్‌లో (వేడినిచ్చే బల్బుని వెలిగించి ఆర్పే చిన్న బోర్డు) ఒక మెలిక ఉంది. కొత్తగా వచ్చినప్పుడు దాని పీ1 సెట్టింగు 2 డిగ్రీలు ఉంటుంది. అంటే 37.5 పెట్టినా, 35.5కి పడిపోయేదాకా బల్బు మళ్లీ వెలగదు. సగటు వేడి తగ్గి, పిల్లలు 30వ రోజుకి నీరసంగా దిగుతాయి, లేదా దిగనే దిగవు. పీ1ని 0.3కి మార్చండి, పీ0 వేడి చేసే వైపు ఉందో లేదో చూసుకోండి. సెన్సరు తప్పు చూపిస్తే పీ4లో సరిచేయొచ్చు. సరిచూడటానికి జ్వరం చూసే థర్మామీటరే మంచిది: గోరువెచ్చటి నీళ్ల గ్లాసులో దాన్నీ సెన్సరునీ పక్కపక్కనే ముంచి, 37 నుంచి 38 మధ్య ఉన్నప్పుడు రెండింటినీ పోల్చండి.

ఆ చిన్న బోర్డు మీది రిలే, అంటే బల్బుని వెలిగించి ఆర్పే స్విచ్, ఒక్కోసారి అతుక్కుపోతుంది. బల్బు ఆరదు, తెల్లారేసరికి గుడ్లు ఉడికిపోతాయి. బల్బు తీగలో రెండో థర్మోస్టాట్‌ని వరసగా కలిపి 38.5 దగ్గర పెట్టండి. మొదటిది మొరాయించినా రెండోది ఆపుతుంది. ఒక పెద్ద బల్బుకి బదులు రెండు చిన్న బల్బులు పెడితే, ఒకటి మాడినా పెట్టె పూర్తిగా చల్లారదు.

రోహిణి కార్తె సంగతి వేరే చెప్పాలి. రోళ్లు పగిలే ఎండల్లో రేకుల గదిలో 40 దాటుతుంది. ఇంక్యుబేటర్ వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. బల్బు ఆరిపోయి ఉన్నా లోపల 39, 40 చూపిస్తుంటే ఏ సెట్టింగూ కాపాడదు. వేడి తగ్గితే గుడ్డు కాసేపు ఓర్చుకుంటుంది, వేడి ఎక్కువైతే ఓర్చుకోదు. ఉత్తరం వైపు గదిలో, నేలకి దగ్గరగా, కిటికీ ఎండ పడని చోట పెట్టండి. అది కుదరకపోతే మేలో పొదగేయకపోవడమే మేలు. సార్వా కోతలయ్యాక చేలల్లో రాలిన గింజలూ నత్తలూ తిన్న బాతుల గుడ్లతో, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వేసే విడతలే నిశ్చింత.

తేమ: మీటర్ని కాదు, తూకాన్ని నమ్మండి

గుడ్డులోని నీరు ఆవిరై, మొద్దు చివర గాలిగది పెద్దదవుతూ రావాలి. పిల్ల మొదటి ఊపిరి పీల్చేది ఆ గదిలోనే. పొదగేసిన రోజు బరువులో దాదాపు 13 శాతం 25వ రోజుకి తగ్గాలి. తక్కువ తగ్గితే గాలిగది చిన్నదై, పిల్ల ఉబ్బి, ముక్కు పొడవబోయి నీళ్లలో మునుగుతుంది. ఎక్కువ తగ్గితే పొర ఎండి పిల్లని బిగించేస్తుంది.

దీన్ని సాధించడానికి మామూలుగా 55 శాతం తేమ ఉంచమంటారు. డెల్టాలో దీన్ని గుడ్డిగా పాటిస్తే దెబ్బ తింటారు. గాలి వేడెక్కితే దాని తేమ శాతం పడిపోతుంది. శ్రావణంలో బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి మెషీన్‌లోకి వెళ్లి 37.5కి వేడెక్కితే 52, 53 శాతం అవుతుంది. అంటే ఒక్క చుక్క నీరు పోయకుండానే బాతుకి కావలసిన తేమ వచ్చేసింది. అప్పుడు కూడా కాగితంలో ఉందని నీళ్ల ట్రే నింపితే 65, 70కి పోతుంది. వానాకాలపు విడతల్లో ఆఖరి రోజున పిల్లలు మునిగిపోయేది ఇందుకే. పుష్యమాసంలో దీనికి తిరగబడుతుంది. తెల్లవారుజామున మంచు కురుస్తూ 18 డిగ్రీలు, 90 శాతం తేమ ఉంటుంది. గాలి తడిగా ఉందనే అనుకుంటాం. ఆ గాలే మెషీన్‌లో వేడెక్కితే 30 శాతం కూడా ఉండదు. చలికాలంలో ట్రేలో నీళ్లు తప్పనిసరి.

అందుకని వంటింటి కాటా తీసుకోండి, ఒక గ్రాము దాకా చూపించేది. పది గుడ్లని ఎంచుకుని పెన్సిలుతో అంకెలు వేసి, పెట్టేరోజే ఒక్కొక్కదాన్నీ తూచి రాసుకోండి. పదీ కలిపి 700 గ్రాములు ఉన్నాయనుకుందాం. 25వ రోజుకి 91 గ్రాములు తగ్గాలి, అంటే రోజుకి 3.6 గ్రాములు. 7వ రోజుకి 25, 14వ రోజుకి 51, 21వ రోజుకి 76 గ్రాములు తగ్గి ఉండాలి. మధ్యలో ఏదైనా మురిగితే దాని బరువుని మొదటి లెక్కలోంచి కూడా తీసేయండి.

7వ రోజుకి 15 గ్రాములే తగ్గితే నీళ్లు పూర్తిగా తీసి, గాలి రంధ్రాలు అన్నీ తెరవండి. 35 తగ్గితే ట్రే పెద్దది పెట్టండి. తేమని పెంచేది నీటి లోతు కాదు, నీటి వెడల్పు. లోతు గిన్నెలో లీటరు పోసినా ప్లేటులో పోసిన గ్లాసుడు నీళ్లంత పని చేయదు. ఇంకా కావాలంటే నీళ్లలో స్పాంజి ముక్క నిలబెట్టండి. మొదటి వారంలో తప్పు తెలిస్తే మిగతా రెండు వారాల్లో సరిదిద్దుకోవచ్చు. తూచకపోతే 28వ రోజున గాని తెలియదు.

మీటరు అసలు వద్దని కాదు, ఆఖరి మూడు రోజులకి అది కావాలి. దాన్ని ఇలా పరీక్షించండి: చిన్న మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేన్ని నీటిచుక్కలు వేసి, మీటరుతో కలిపి మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న 75 శాతం చూపించాలి. 68 చూపిస్తే ఆ మీటరు 7 తక్కువ చెబుతోందని గుర్తుపెట్టుకోండి.

తిప్పడం, చల్లబరచడం

రోజుకి కనీసం అయిదుసార్లు తిప్పాలి. చేత్తో తిప్పితే ఒక పక్క గుర్తు, రెండో పక్క చుక్క పెట్టుకోండి. ఆటోమేటిక్ మెషీన్లలో జాగ్రత్త: వాటి ట్రేలు కోడిగుడ్డు కొలతకి చేసినవి, రోలర్ల మీద బాతుగుడ్డు కొన్నిసార్లు తిరగకుండా జారుతుంది. గుడ్డు మీద పెన్సిలు గీత పెట్టి మూడు గంటల తర్వాత చూడండి, కదలకపోతే ఆ వరసని చేత్తో తిప్పాల్సిందే. నిలబెట్టే ట్రే అయితే మొద్దు చివరే పైకి. సన్న చివర పైకి పెట్టినవి గాలిగది లేని వైపు పొడిచి పోతాయి.

10వ రోజు నుంచి 24 దాకా రోజుకి ఒకసారి మూత తీసి, 10 నుంచి 15 నిమిషాలు చల్లారనివ్వడం బాతుగుడ్లకి మంచిది. తల్లి బాతు మేతకి లేచి వెళ్లే సమయం అనుకోండి. నీళ్లు చిలకరించమని చాలామంది చెబుతారు. చలికాలంలో, తూకం మరీ ఎక్కువ తగ్గుతుంటే కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లు సన్నగా చిలకరించండి. వానాకాలంలో ఆ అలవాటు మానుకోండి, బూజుకి దారి చేసినట్టే.

దీపం పట్టి చూడటం

అట్టముక్కకి రూపాయి బిళ్లంత కన్నం చేసి సెల్‌ఫోన్ లైటు మీద పెడితే చాలు. 7వ రోజున సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో చుక్క ఉంటే మంచి గుడ్డు. పూర్తిగా తేటగా ఉంటే జీవం లేనిది. నరాలు లేకుండా ఎర్రటి వలయం ఒక్కటే ఉంటే పిండం పోయింది. 14న మళ్లీ చూడండి, నలుపు పెరిగి కదలాలి. 25న గాలిగది గుడ్డులో మూడో వంతు ఆక్రమించి, అంచు ఏటవాలుగా ఉండాలి. ఒక్కోసారి ఆ గదిలోకి ముక్కు నీడ పొడుచుకొచ్చి కనిపిస్తుంది.

పెంకు మీద జిగురు చుక్కలు పడుతున్నా, వాసన వచ్చినా ఆ గుడ్డుని ఆ క్షణమే, కుదపకుండా, కవర్లో చుట్టి బయటికి తీయండి. అది లోపల పేలితే పక్కనున్న గుడ్లన్నీ పోతాయి.

ఆఖరి మూడు రోజులు

25వ రోజున తిప్పడం ఆపి, గుడ్లని పక్కకి పడుకోబెట్టండి. కింద గోనెపట్టా వేయండి. న్యూస్ పేపరు మీద పిల్ల కాళ్లు జారి చీలిపోతాయి. తేమని 70 నుంచి 75 శాతానికి పెంచండి. కానీ తేమ నిలవాలని గాలి రంధ్రాలు మూయకండి. ఈ మూడు రోజుల్లో పిల్లలకి కావలసినంత గాలి అంతకుముందెప్పుడూ అక్కర్లేదు. రంధ్రాలు మూసిన పెట్టెలో మీటరు ఎంత బాగా చూపించినా పిల్లలు ఊపిరాడక పోతాయి. రంధ్రాలు తెరిచే ఉంచి నీటి వెడల్పు పెంచండి.

కోడిపిల్లతో పోలిస్తే బాతుపిల్ల చాలా నెమ్మది. లోపలి పొర పొడిచి గాలిగదిలోకి వచ్చాక బయటి పెంకు పగలడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. పెంకు మీద చిట్లు కనిపించాక పూర్తిగా బయటికి రావడానికి ఇంకో 24 నుంచి 48 గంటలు. ఆ సమయంలో పిల్ల నిద్రపోతున్నట్టు ఉంటుంది గానీ, మిగిలిన పచ్చసొనని పొట్టలోకి లాక్కుంటూ, పొరలోని రక్తాన్ని ఒంట్లోకి తీసుకుంటూ ఉంటుంది. కంగారుపడి మూత తెరిచారా, లోపలి తడిగాలి ఒక్కసారిగా పోయి, అప్పుడే పొడిచిన మిగతా గుడ్ల పొరలు ఎండి బిగుసుకుంటాయి. ఒక పిల్లని ఎత్తుకోబోయి నాలుగింటిని పోగొట్టుకోవడం ఇలాగే. మొదట దిగిన పిల్లలు 24 గంటలు మేత లేకుండా లోపల ఉన్నా ఏమీ కాదు.

చిట్లి 48 గంటలు దాటినా కదలిక లేకపోతే, పొర గోధుమరంగుకి తిరిగి ఎండినట్టు కనిపిస్తే అప్పుడు సాయం చేయండి. మిగతావి ఏ దశలో ఉన్నాయో చూసుకుని ఆ ఒక్క గుడ్డుని బయటికి తీసి, ముక్కు దగ్గర పెంకు చిన్న ముక్క తీసి, గోరువెచ్చటి నీళ్లలో తడిపిన దూదితో పొరని మెత్తబరచండి. ఎర్రటి నరం కనిపించినా, చుక్క నెత్తురు వచ్చినా అక్కడే ఆపి మళ్లీ లోపల పెట్టేయండి, ఆరేడు గంటల తర్వాత చూడొచ్చు.

కరెంటు పోతే

మొదటి పది రోజుల్లో రెండు మూడు గంటలు పోతే గుడ్లు ఓర్చుకుంటాయి, పిల్లలు కొంచెం ఆలస్యంగా దిగుతాయి, అంతే. మూత తీయకుండా దుప్పటి కప్పండి. ఆఖరి వారంలో మాత్రం దుప్పటితో రంధ్రాలు మూయొద్దు. ఫ్యాన్ ఆగిపోయి, గుడ్లు సొంత వేడిని పుట్టిస్తుంటే లోపల గాలి చెడిపోతుంది. గంటకోసారి కాసేపు మూత ఎత్తి దించండి. చలికాలపు రాత్రుల్లో వేడినీళ్ల సీసాలు గుడ్లకి తగలకుండా పక్కన పెట్టండి. 100 వాట్ల పెట్టె 8 గంటలకి మహా అయితే 800 వాట్-అవర్లు తీసుకుంటుంది. బల్బు ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. ఇంట్లో ఉన్న 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ బాగుంటే రాత్రి గడుస్తుంది. తుపాను వచ్చి రోజుల తరబడి పోతే అది చాలదు. అక్టోబరు, నవంబరుల్లో వేసేవాళ్లు పొదుగు మీదున్న నాటుకోడి ఏ ఇంట్లో ఉందో ముందే కనుక్కుని ఉంచండి. ఒక్కో కోడి కింద ఆరేడు బాతుగుడ్లకి మించి పట్టవు.

పోయిన గుడ్లని పగలగొట్టి చూడండి

30వ రోజు దాటాక మిగిలిన గుడ్లని ఊరికే పారేయకండి. చేతికి కవరు తొడుక్కుని, బయట, ఒక్కొక్కటీ మొద్దు చివర నుంచి తెరిచి రాసుకోండి. వచ్చే విడతకి ఇంతకంటే మంచి గురువు లేదు.

నెత్తుటి వలయాలు ఎక్కువుంటే నిల్వలోనో మొదటి వారపు వేడిలోనో తప్పు. సగం పెరిగి ఆగిపోయినవి ఎక్కువుంటే మందకి పెట్టే మేత, లేదా తిప్పకపోవడం, లేదా మధ్యలో వేడి పెరగడం. పిల్ల పూర్తిగా తయారై, ఉబ్బి, చుట్టూ జిగురు నీళ్లు ఉంటే తేమ ఎక్కువైంది. చిన్నగా ముడుచుకుని, పొర కాగితంలా అంటుకుని ఉంటే తేమ తక్కువైంది. ఈ రెండింటినీ మీ తూకం పుస్తకంతో సరిపోల్చుకోండి. 26వ రోజునే దిగి, బొడ్డు మానకుండా ఎర్రగా ఉన్న పిల్లలుంటే వేడి ఎక్కువైనట్టు. బాగా తయారై, గాలిగది సరిగ్గానే ఉండి, ఒక్కటీ పొడవకుండా పోతే గాలి రంధ్రాలు చూడండి.

తెరిచిన గుడ్లని గొయ్యి తీసి, పైన సున్నం చల్లి పూడ్చండి. మందకి మేతగా వేయకండి, కాలవలో పడేయకండి. మెషీన్‌లోని నూగూ పెంకులూ తీసేసి, సబ్బునీళ్లతో, ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, విద్యుత్ భాగాలు తడవకుండా చూసుకుంటూ, మూత తెరిచి పెట్టెని ఒక పూటంతా ఎండలో ఉంచాకే కొత్త గుడ్లు పెట్టండి.